చివరి నాలుగున్నర నిమిషాలు

సంపాదకుడు గారికి నమస్కారములు.

పాత గ్రామఫోన్ రికార్డులను దాచుకుంటున్నవారి గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. సాలూరు రాజేశ్వరరావు గారి లలితగీతాల దగ్గర నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ దాకా అందులో ప్రస్తావించిన రికార్డుల్లో చాలా భాగం ఏదో ఒకప్పుడు మా ఇంట్లో మోగినవే కాబట్టి, ఆ వ్యాసం చదువుతున్నంతసేపూ మా వీధి గదిలో కూర్చున్నట్టే అనిపించింది. అయితే చివర్లో, డెబ్బయ్యో దశకంలో మన కుర్రకారు వెంటపడిన ఇంగ్లీషు రాక్ సంగీతం వయసు హోరే తప్ప మరేమీ కాదనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. రచయితను తప్పుపట్టాలని కాదు గానీ, ఆ హోరులో నలభై అయిదేళ్లుగా బతుకుతున్న మనిషిగా నేను విన్నదేమిటో చెప్పుకోవడానికి మీ పత్రికలో కొంచెం చోటు కోరుతున్నాను.

నేను చెప్పబోయేది రాక్ సంగీతమంతటి గురించీ కాదు. దానిలో ప్రోగ్రెసివ్ రాక్ అని పిలిచే ఒక పాయ ఉంది. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ అనే బృందం తొలి రికార్డు వెలువడిన నాటి నుంచి సుమారు ఏడెనిమిదేళ్ల పాటు ఇంగ్లండులో అది నిండుగా పారింది. యెస్, జెనెసిస్, జెత్రో టల్, పింక్ ఫ్లాయిడ్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ అనేవి అందులో పెద్ద పేర్లు. మూడు నిమిషాల్లో ముగిసే ప్రేమపాట తమకు చాలదనుకున్న కుర్రవాళ్లు ఎల్పీ రికార్డులో ఒక వైపు మొత్తాన్ని, అంటే ఇరవై నిమిషాలకు పైగా, ఒకే పాటకు కేటాయించారు. అందులో చర్చి ఆర్గనూ వేణువూ జానపద గిటారూ తెచ్చి పెట్టారు, తాళాన్ని నాలుగు దగ్గర ఆపకుండా అయిదుకీ ఏడుకీ తొమ్మిదికీ తీసుకుపోయారు. ఇది గోల అయితే, ఎంతో ఓపికగా లెక్కపెట్టి కూర్చిన గోల అనుకోవాలి.

నేను 1977లో వాల్తేరులో ఇంజనీరింగులో చేరాను. హాస్టల్లో నా పక్క మంచం వాడు నౌకాదళ అధికారి కొడుకు. వాడి దగ్గర ఒకే స్పీకరున్న టేప్ రికార్డరూ, పేర్లయినా సరిగా రాయని పదిహేను క్యాసెట్లూ ఉండేవి. పింక్ ఫ్లాయిడ్ రికార్డులను మన దేశంలోనే గ్రామఫోన్ కంపెనీ అచ్చువేసేది కాబట్టి అవి అప్పుడప్పుడూ దుకాణాల్లో కనిపించేవి. మిగిలినవన్నీ మాకు ఓడల మీద వచ్చినవే. విశాఖ రేవుకు వచ్చిపోయేవారి సంచుల్లో దిగిన ఎల్పీలు చేతులు మారి మారి, చివరికి డాబాగార్డెన్స్‌లో రెండు గజాల వెడల్పున్న ఒక రికార్డింగు దుకాణానికి చేరేవి. అక్కడ ఒక నోటుపుస్తకంలో రికార్డుల జాబితా నంబర్లతో రాసి ఉండేది. ఖాళీ క్యాసెట్ మనం ఇచ్చి, నంబరు చెప్పి, మూడు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకోవాలి. పాటలు తెలియని నేను ఆ పుస్తకంలో పేరు బాగుందనిపించిన దానికల్లా వేలు పెట్టి చూపించేవాణ్ణి.

ఆ విధంగా 1979లో నేను చూపించిన నంబరు జెనెసిస్ బృందం 1972లో విడుదల చేసిన 'ఫాక్స్‌ట్రాట్'ది. ఆ రికార్డు రెండో వైపున ఒక చిన్న గిటారు స్వరరచన, దాని వెనుక 'సప్పర్స్ రెడీ' అనే ఇరవై మూడు నిమిషాల పాట ఉంటాయి. నేను ఇచ్చింది అరవై నిమిషాల క్యాసెట్, అంటే వైపుకు ముప్పయి నిమిషాలు. లెక్క ప్రకారం పాట హాయిగా పట్టాలి. కానీ దుకాణదారు నా మీద దయతోనే కావచ్చు, టేపు వృథాగా పోకూడదని రెండో వైపు మొదట్లో వేరే బృందానివి రెండు పాటలు ఎక్కించాడు. అవి పది నిమిషాలు తినేశాయి. దాంతో నా 'సప్పర్స్ రెడీ' పద్దెనిమిది నిమిషాల దాకా నడిచి, సరిగ్గా ఆర్గన్ ఉచ్చస్థితికి ఎగబాకుతున్నప్పుడు టేపు అయిపోయి, రికార్డరు మీట టక్కుమని పైకి లేచేది. మరో నాలుగున్నర నిమిషాల పాట ఉందని నాకు తెలియదు. మొదటి కొన్ని నెలలు ఆ టక్కు కూడా పాటలో భాగమేననీ, కథను అలా అర్ధాంతరంగా తెంచడమే వాళ్ల ఉద్దేశమనీ నిజంగా నమ్మాను. తర్వాత ఒక పాత ఇంగ్లీషు పత్రికలో ఆ పాటకు ఏడు భాగాలున్నాయని చదివి, నా దగ్గరున్నవి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఆరో భాగం మధ్యలోనే తెగిందని తెలిసింది. దుకాణానికి పరుగెత్తాను. ఆ రికార్డు తెచ్చినాయన దాన్ని తీసుకుని ఓడెక్కి వెళ్లిపోయాడని చెప్పారు. ఆ చివరి నాలుగున్నర నిమిషాలు వినడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఈలోపు విన్నదాని గురించి చెప్పాలి. మాది విజయనగరం. మా నాన్నగారు బడిపంతులు. ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథను చిన్నతనంలో ఒక్కసారి విన్న అదృష్టం ఆయనకు జీవితాంతం సరిపోయింది. దాసు గారు కాళ్లతో ఒక తాళం, చేతులతో వేరొకటి వేస్తూ కథను నడిపించేవారని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మహారాజా సంగీత కళాశాలలో కచేరీ ఉన్న ప్రతి సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లేవారు. నాకేమో పల్లవి మొదలవగానే కునుకు పట్టేది. ఆ విషయంలో ఆయనకు నా మీద బెంగ ఉండేది. అలాంటి ఇంటికి 1980 వేసవి సెలవుల్లో నేను మిత్రుడి టేప్ రికార్డరు అరువు తెచ్చుకుని, మధ్యాహ్నం పూట పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పెట్టుకున్నాను.

నాన్నగారు పడకకుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. క్యాసెట్ మొదటి వైపు పూర్తయ్యేదాకా ఒక్క మాటా అనలేదు. రెండో వైపు 'మనీ' అనే పాటతో మొదలవుతుంది. చిల్లర నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, దుకాణంలో గల్లాపెట్టె తెరుచుకునే చప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చి, తిరిగి అదే వరసలో మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఆ బృందంలోని రోజర్ వాటర్స్ ఆ చప్పుళ్లను టేపు మీద రికార్డు చేసి, ఏడు ముక్కలుగా కొలిచి కత్తిరించి, అతికించి, గుండ్రంగా తిరిగే దండలా చేశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనిపించింది మాత్రం, పడకకుర్చీ చేతి మీద నాన్నగారి కుడిచెయ్యి కదలడం. మూడు, ఆ వెనక నాలుగు. తకిట, తకధిమి. రెండు ఆవృత్తాలు పూర్తయ్యాక కళ్లు తెరిచి, "ఇదేటిరా, మిశ్రచాపు వేస్తున్నారేటి?" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. రెండేళ్లుగా ఆ పాట వింటున్నా అది ఏడు మీద నడుస్తోందని నేను ఒక్కసారీ లెక్కపెట్టి చూసుకోలేదు. ఏదో కుంటినడకలా ఉంటుందని మాత్రం అనిపించేది. శాక్సఫోన్ వాయిస్తున్నంతసేపూ ఆయన చెయ్యి అదే లెక్కలో పడుతూనే ఉంది. ఆ తర్వాత డేవిడ్ గిల్మర్ గిటారు అందుకోగానే ఆయన చెయ్యి గాలిలో ఆగింది. రెండు క్షణాలు చెవి రిక్కించి, "చతురశ్రంలోకి దిగిపోయాడు" అని, నాలుగు లెక్కకు చెయ్యి మార్చి వేశారు. చివర్లో పాట మళ్లీ ఏడులోకి తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కనిపించినది, మృదంగం ఒంటరిగా వాయించే మంచి తనియావర్తనం ముగిసి తాళం మొదటి దెబ్బకు చేరినప్పుడు కనిపించే సంతోషమే. ఆ రోజు సాయంత్రం ఆయనే మొదటి వైపు మళ్లీ పెట్టించుకున్నారు. క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాటా లేకుండా, గొంతు మాత్రమే ఆధారంగా పాడిన భాగం ఆ వైపు చివర ఉంటుంది. ఒక ఆదివారం రాత్రి స్టూడియోకు పిలిస్తే వచ్చి, 30 పౌండ్ల కూలికి, అప్పటికప్పుడు మనసులో పుట్టినది పాడి వెళ్లిపోయిందామె. "సాహిత్యం లేదు, స్వరమూ లేదు, ఆలాపనే. ఏడుస్తోందో పిలుస్తోందో తెలీట్లేదురా," అని నాన్నగారు అన్న మాటకు మించిన సమీక్ష ఆ పాటకు నేను ఇప్పటికీ చదవలేదు.

ఆ వేసవి నుంచి మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం లాంటిది ఏర్పడింది. నేను ఒక క్యాసెట్ వినిపిస్తే ఆయనతో ఒక కచేరీకి వెళ్లాలి. ఇరవై నిమిషాల ఇంగ్లీషు పాటను కదలకుండా కూర్చుని వినడం అప్పటికే నాకు అలవాటైంది. ఎక్కడ మొదలైంది, ఎక్కడ దారి మళ్లింది, మొదట వచ్చిన స్వరమాల ఏ రూపంలో తిరిగి వచ్చింది అని గుర్తు పెట్టుకోవడం చెవికి పట్టుబడింది. ఆ చెవితో రాగం తానం పల్లవి వింటే కునుకు రాలేదు. నేను కర్ణాటక సంగీతంలోకి వచ్చిన దారి ఇది. త్యాగరాజును నాకు దగ్గర చేసినవాళ్లలో లండన్ కుర్రాళ్లు కూడా ఉన్నారని చెబితే కొందరికి నచ్చకపోవచ్చు గానీ, జరిగింది మాత్రం అదే.

యెస్ బృందం 1972లో తెచ్చిన 'క్లోజ్ టు ది ఎడ్జ్' నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమైనది. ఆ రికార్డులో మొత్తం మూడే పాటలు. మొదటి పాట ఒక వైపంతా, పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. పారే నీటి చప్పుడు, పిట్టల కూతలు నెమ్మదిగా పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆనకట్ట తెగినట్టు స్టీవ్ హౌ గిటారు మీద పడుతుంది. మొదటిసారి విన్నవారికి అక్కడ చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఎవరు ఏం వాయిస్తున్నారో, ఎవరితో ఎవరు కలుస్తున్నారో అంతుపట్టదు. హోరు అన్న మాట పుట్టేది అక్కడే. మూడు నిమిషాలు ఓపిక పడితే ఆ వరదలో నుంచి పాట తేలుతుంది. సగం దాటాక అంతా ఆగిపోయి, నిశ్చలంగా రెండు గొంతులు ఒకదానికొకటి బదులిచ్చుకుంటాయి. ఆ వెనక లండన్‌లోని సెయింట్ గైల్స్ చర్చిలో రికార్డు చేసిన పెద్ద ఆర్గన్, రిక్ వేక్‌మన్ చేతుల కింద ఒక్కసారిగా లేస్తుంది. మా హాస్టల్ గదిలో ఆ ఒంటి స్పీకరు ఆ ధ్వనికి గిలగిల్లాడిపోయేది. చివరకు పాట మొదట విన్న నీటి చప్పుడు, పిట్టల కూతల దగ్గరకే చేరుకుంటుంది. ఆ పాటకు ప్రేరణ హెర్మన్ హెస్ 'సిద్ధార్థ' నవల అని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు, నది ఒడ్డున కూర్చుని నీటి మాట వినడం నేర్చుకున్న ఆ సిద్ధార్థుడు గుర్తొచ్చి, పాటలోని నీళ్లకు అర్థం తెలిసింది.

అదే బృందం మరుసటి ఏడాది చేసిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ'లో 83వ పేజీ అడుగున మన శాస్త్రాలను నాలుగు విధాలుగా వివరించే పొడవాటి అధోజ్ఞాపిక ఒకటి గాయకుడు జాన్ ఆండర్సన్ కంటబడింది. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఆ నాలుగింటి మీదా నాలుగు పాటలు కట్టి, రెండు రికార్డుల నాలుగు వైపులా నింపారు. ఎనభై నిమిషాలకు పైబడిన సంగీతం. విమర్శకులు చీల్చి చెండాడారు, వేక్‌మన్‌కు అది నచ్చక బృందం వదిలి వెళ్లిపోయాడు. నాకు ఆ రికార్డు మీద ఎంత ప్రేమ ఉన్నా, రెండో వైపూ మూడో వైపూ పిండికి మించి నీళ్లు పోసిన అట్లలా ఉంటాయని ఒప్పుకుంటాను. కానీ సితారు పెట్టి, అగరొత్తి వెలిగించి, భారతదేశాన్ని అరువు తెచ్చుకున్నామని చెప్పుకున్నవారు ఆ రోజుల్లో చాలామంది ఉండగా, వీళ్లు మాత్రం ఒక అధోజ్ఞాపికను నిజంగా చదివి, తమ వాద్యాలతో, తమ బాణీలో దానితో తలపడ్డారు. ఆ శ్రద్ధకు నేను నమస్కరిస్తాను.

సంపాదకుడు గారూ, మీరు పత్రిక నడిపేవారు కాబట్టి జెత్రో టల్ బృందం సంగతి మీకు నచ్చుతుందని చెబుతున్నాను. 1972లో వాళ్లు 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అనే రికార్డును వార్తాపత్రికలో చుట్టి అమ్మారు. మామూలు అట్టకు బదులు, పన్నెండు పేజీల ఒక ఊరి పత్రిక. స్థానిక వార్తలు, ప్రకటనలు, ఆటల పేజీ, గళ్ల నుడికట్టు, అన్నీ కల్పితాలే, అన్నీ బృందం వారు తాము రాసుకున్నవే. మొదటి పేజీలో ప్రధాన వార్త, కవితల పోటీలో గెలిచి తర్వాత అనర్హుడైన గెరాల్డ్ బోస్టాక్ అనే ఎనిమిదేళ్ల బాలుడిది. ఆ బాలుడూ కల్పితమే. అతను రాశాడని చెప్పే కవితే రికార్డులోని పాట. ఒకే పాట, రెండు వైపులా కలిపి నలభై మూడు నిమిషాలు. విశాఖలో ఒక పెద్దాయన ఇంట్లో ఆ పత్రికను నేను చేతుల్లోకి తీసుకుని చూశాను. మడతల దగ్గర పసుపు తిరిగిన ఆ కాగితాన్ని ఆయన పెళ్లి శుభలేఖ పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని విప్పారు. పాట పెట్టి, పత్రిక మా ముందు పరిచి, రికార్డు అయ్యేలోగా చదవమన్నారు. సగం కూడా చదవలేకపోయాం.

ఆ బృందానికి ఆ పేరు పెట్టినది ఒక వ్యవసాయదారుడి జ్ఞాపకంగా. 1701 ప్రాంతంలో విత్తనాలను వరసల్లో నాటే యంత్రాన్ని ఇంగ్లండులో రూపొందించిన మనిషి అసలు జెత్రో టల్. మన రైతులు గొర్రుకు జడ్డిగం బిగించి గింజలు సాళ్లలో జారవిడిచే పనినే ఆయన అక్కడ తన దారిలో కనిపెట్టుకున్నాడు. వేణువు ఊదే ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు మోకాలి దగ్గర ముడిచి వాయించే బొమ్మను మా గది గోడకు అతికించుకుంటే, మా అమ్మ చూసి వేణుగోపాలస్వామి ఫొటో అనుకుని సంతోషించింది. దగ్గరకు వెళ్లి గడ్డం చూశాక కూడా తీసెయ్యమనలేదు.

కింగ్ క్రిమ్సన్ తొలి రికార్డులో మీ చెవిని పట్టి లాగేది మెలోట్రాన్ అనే వాద్యం. చూడడానికి హార్మోనియం పెట్టెకు పెద్దన్నలా ఉంటుంది. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది, ఆ టేపు మీద వయొలిన్ల బృందమో గాయకుల బృందమో ముందే పాడి పెట్టిన ఒక్క స్వరం ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది, ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు తీసి మళ్లీ నొక్కాల్సిందే. ఆ స్వరంలో ఉండే వణుకు, అరిగిన టేపు గరగర, పాత గుడిలో దూరం నుంచి వినిపించే మేళంలా ఉంటుంది. ఇప్పుడు ఆ ధ్వనిని కంప్యూటరులో క్షణంలో పుట్టించవచ్చు. కానీ ఎనిమిది సెకన్లలో ఊపిరి అయిపోతుందని తెలిసి వాయించే మనిషి చేతిలో ఉన్న తొందర అందులో వినిపించదు.

ఇక ఆ నాలుగున్నర నిమిషాలు. ఉద్యోగం వచ్చి నేను సికింద్రాబాదుకు చేరాక, 1985లో మారేడుపల్లిలో ఉండే ఒక సహోద్యోగి ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆయన రికార్డుల బీరువా తెరిచి చూపిస్తుంటే మూడో అరలో 'ఫాక్స్‌ట్రాట్' కనిపించింది. అన్నం తర్వాత తింటానని చెప్పి, రెండో వైపు పెట్టమన్నాను. ఆయన శ్రీమతి గారు ఏమనుకున్నారో తెలియదు, వడ్డించినవి మూతపెట్టి తామూ వచ్చి కూర్చున్నారు.

'సప్పర్స్ రెడీ'ని మా నాన్నగారికి నేను ఇంగ్లీషు హరికథ అని పరిచయం చేశాను. ఒక ఇంట్లో రాత్రివేళ భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఉండగా కథ మొదలవుతుంది. అక్కడి నుంచి దొంగ గురువులు, యుద్ధం, పువ్వుగా మారిన మనిషి, పిల్లల ఆటపాటల మీదుగా సాగి, బైబిలు చివరి గ్రంథంలోని ప్రళయం దాకా పోతుంది. జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ వేదిక మీద ఒక్కో ఘట్టానికి ఒక్కో వేషం, ఒక్కో గొంతు మారుస్తూ ఒక్కడే కథంతా నడిపేవాడు. మన భాగవతారు చిడతలతో చేసే పనే అది. ఆరో భాగమైన ప్రళయంలో డ్రమ్సూ గిటార్లూ మూడు, రెండు, నాలుగుగా విరిగే తొమ్మిది మీద, అంటే మన సంకీర్ణం లెక్క మీద, బండరాయిలా నిలబడి ఉంటే, టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ లెక్కతో తనకు పని లేనట్టు వేరే దారిలో మెలికలు తిరుగుతూ పైపైకి పోతుంది. ఎప్పుడు కలుస్తాయా అని వింటున్న మనిషికి ఊపిరి బిగుసుకుపోతుంది. నా క్యాసెట్ తెగింది సరిగ్గా అక్కడ.

మారేడుపల్లిలో ఆ చోటు దగ్గరపడుతుండగా నా భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. ఆరేళ్ల అలవాటు కొద్దీ టక్కు కోసం చూస్తున్నాను. టక్కు రాలేదు. ఆర్గన్ ఇంకొంచెం ఎక్కింది, ఇంకొంచెం ఎక్కింది, గేబ్రియల్ గొంతు దాని మీద విరుచుకుపడింది. ఆ వెనక, నేను ఊహించనే ఊహించనిది, ఇరవై నిమిషాల క్రితం ఇంట్లో భర్త భార్యతో అన్న మొదటి మాటలు తిరిగి వచ్చాయి. అదే పలుకు, అదే బాణీ, కానీ ఈసారి ప్రళయాన్ని దాటి ఇల్లు చేరిన మనిషి అంటున్నట్టుగా. పైన గంటలు మోగాయి. చరణాలన్నీ తిరిగి వచ్చి పల్లవి అందుకున్నట్టు పాట తన చోటికి తాను చేరుకుని, నెమ్మదిగా దూరమైపోయింది.

ఆరేళ్లు నేను ఆ పాటను భయంతో ముగిసే పాటగా మోశాను. దాన్ని కట్టినవాళ్లు దాన్ని ఇంటికి చేర్చారు. సూది రికార్డు మధ్యలో గిరగిరా తిరుగుతున్నా ఎవరమూ లేవలేదు. మా సహోద్యోగి "అన్నం చల్లారిపోయిందండీ" అన్నాక లేచాం. ఆ రాత్రే నాన్నగారికి ఉత్తరం రాశాను, పల్లవి తిరిగి వచ్చింది అని. ఆయన కార్డు మీద ఒకే వాక్యం రాశారు: "రాకుండా ఎలా ఉంటుందిరా, నేను అప్పుడే అనుకున్నాను."

తర్వాతి చరిత్ర క్లుప్తమే. 1976, 77 నాటికి ఇంగ్లండులో పంక్ అనే కొత్త గాలి వీచింది, పొడవాటి పాట డాబుసరి వ్యవహారంగా పేరుపడింది. గేబ్రియల్ అప్పటికే జెనెసిస్‌ను వదిలేశాడు, మిగిలినవాళ్లు క్రమంగా చిన్న పాటల వైపు తిరిగారు. అయినా అభిమానం చావలేదు. 'డార్క్ సైడ్' 1973 నుంచి 1988 వరకు అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన రికార్డుల బిల్‌బోర్డ్ జాబితాలో మొత్తం ఏడు వందలకు పైగా వారాలు ఉంది. 2002లో రోజర్ వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడినప్పుడు, హాస్టల్లో నా పక్క మంచం వాడూ నేనూ రాత్రి బండెక్కి వెళ్లి విన్నాం. మతి చెడి తమ నుంచి దూరమైన పాత మిత్రుడు సిడ్ బ్యారెట్ కోసం ఫ్లాయిడ్ కట్టిన పాటలోని ఆ నాలుగు గిటారు స్వరాలు చీకట్లో మోగినప్పుడు, మైదానంలో నెరిసిన తలలు ఎన్నో ఒక్కసారిగా పైకి లేచాయి. తెలుగు మాటలూ చాలా వినిపించాయి. మేం ఇద్దరమే అనుకున్నది ఇంతమందిమా అని ఆశ్చర్యపోయాం.

ఇప్పుడు ఈ పాటలన్నీ అరచేతిలోని ఫోనులో ఉన్నాయి. ఓడ కోసం ఎదురుచూడనక్కరలేదు, అందుకు సంతోషమే. నా బాధ వేరు. ఫోనులో అరనిమిషం ముక్కలుగా ఈ సంగీతం తిరుగుతోంది. గిల్మర్ గిటారు ముక్క ఒకటి, హౌ వేళ్ల వేగం చూపించే ముక్క ఒకటి. ఒకదానిలో నుంచి ఒకటి పుట్టేలా, మధ్యలో ఖాళీ లేకుండా కూర్చిన 'డార్క్ సైడ్' పాటలను ఫోను తన ఇష్టం వచ్చిన వరసలో కలిపి వినిపిస్తుంది. ముక్క విన్నవాడికి అది హోరుగానే వినిపిస్తుంది. మీ వ్యాసకర్తకు కూడా అలాగే వినిపించి ఉంటుందని నా అనుమానం. టేపు తెగి ఆరేళ్లు పొరబడినవాణ్ణి కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు, సానుభూతే.

అందువల్ల మీకు ఒక విన్నపం. మీ ఆదివారం అనుబంధంలో సినిమా పాటకు ఎప్పుడూ చోటు ఉంటుంది, ఉండాలి కూడా. నెలకు ఒక్క అరపేజీ సినిమాయేతర సంగీతానికి కేటాయించండి. హరికథ, నాదస్వరం, బుర్రకథ, పాశ్చాత్యం, ఏదైనా సరే, ఒక్క రికార్డును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్న మనిషి చేత రాయించండి. విశాఖ, విజయవాడ, హైదరాబాదు హాస్టళ్లలో ఇలాంటి క్యాసెట్లు విన్నవారు నా వయసువారు ఇంకా చాలామంది ఉన్నారు. వాటిని అటక దించి పాత సామాన్ల బండికి వేసేముందు, వాటి మీద పెన్సిలుతో రాసుకున్న తేదీలూ, దుకాణాల పేర్లూ, ఎవరి దగ్గర రికార్డు చేయించారో ఆ వివరాలైనా ఒక కాగితం మీద రాసి మీకు పంపమని మీ పాఠకులను అడగండి. ఓడల మీద దిగి, డాబాగార్డెన్స్ నోటుపుస్తకంలో నంబరై, బడిపంతులు పడకకుర్చీ దాకా చేరిన ఆ సంగీతపు దారి మరెక్కడా నమోదై లేదు.

నాన్నగారు 1998లో పోయారు. ఆయన పుస్తకాల పెట్టెలో నా 'ఫాక్స్‌ట్రాట్' క్యాసెట్ దొరికింది. సికింద్రాబాదు నుంచి పూర్తి పాట రికార్డు చేసి పంపాక కూడా పాతదాన్ని ఆయన పారెయ్యలేదు. దాని అట్ట మీద, నా ఇంగ్లీషు రాత కింద, ఆయన గుండ్రటి తెలుగు అక్షరాలతో "సంకీర్ణం, 9. మధ్యలో ఆగును" అని రాసి ఉంది. ఆ అట్ట ఫొటో ఈ లేఖతో జతపరుస్తున్నాను. వీలైతే ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
విజయనగరం.